పెంటకుప్ప మీద మోషే

లంకపేట,
1894 జనవరి

చిరంజీవి చెల్లెలు జ్ఞానమ్మకు అక్క సువార్తమ్మ దీవించి రాసేది. ఇక్కడ మేమందరం, ఎడ్లతో సహా, క్షేమం.

"ఇంకా ఆ చెత్త పనేనా అక్కా" అని అడిగావు. ఇంకా ఆ చెత్త పనే. మీ బావ, మామగారు, నేను తెల్లవారేసరికి బండ్లు కట్టుకుని ఊళ్ళో కుప్పలెత్తి కాలవ అవతల చెరుకు తోటలకి తోలుతున్నాం. మిషను బోర్డింగులో మనిద్దరికీ ఒకే పలక మీద అక్షరాలు దిద్దించారు. నువ్వు వాటితో రామచంద్రపురంలో పంతులమ్మవయ్యావు. నేను వాటితో నీకు ఉత్తరాలు రాస్తున్నాను.

ఆ చెత్త పని కూడా పోయేలా ఉంది. ఒకప్పుడు మా బండి వీధిలోకొస్తే జనం ముక్కు మూసుకునేవారు. చెరుకు రైతులు పెంట కోసం ఎగబడుతున్నారని తెలిశాక ఆ ముక్కులన్నీ తెరుచుకున్నాయి. కంట్రాక్టరు జగన్నాథరావుగారు కుప్పల మీద కన్నేశారు. ఊరి శుభ్రం చూసే యూనియనుకి పెద్ద భీమరాజుగారు కదా, ఉగాదికి కుప్పలు వేలంపాట పెట్టిస్తారట. పాటలో నెగ్గేది డబ్బున్నవాడు. మా దగ్గర ఉన్నవి ముసలి ఎడ్లు. కుప్పలు పోతే మీ బావ బర్మాలో కూలికి రంగం ఓడెక్కుతానంటున్నాడు. ఆ ఓడెక్కినవాళ్ళలో మన పేటకి తిరిగొచ్చినవాళ్ళని నేనింకా చూడలేదు.

ఇదిలా ఉండగా భీమరాజుగారికి మగబిడ్డ పుట్టాడు. ఇంతకుముందు పుట్టినవాళ్ళెవరూ దక్కలేదు. అందుకని వాళ్ళమ్మగారు పాపాయమ్మగారు పాత ఆచారం పట్టుకున్నారు. నీకు తెలిసిందే. బిడ్డని పెంటకుప్ప మీద పెట్టాలి. కుప్ప ఎత్తేవాళ్ళు ఎత్తుకుని పేరు పెట్టాలి. వాళ్ళ దగ్గర తవుడిచ్చి కొనుక్కోవాలి. చావు వచ్చి చూసి, ఇదేదో చెత్తలో దొరికిన సరుకులే అని వదిలేసి పోతుందట. ఊళ్ళో పెంటయ్యలందరూ అలా మిగిలినవాళ్ళే.

మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిచ్చే భీమరాజుగారు ఆ పొద్దున మేడ దిగలేదు. దొడ్డి వెనకాల కుప్ప మీద కొత్త గడ్డి పరిచి, గడ్డి మీద పట్టుగుడ్డ పరిచి, దాని మీద చేటలో పెట్టారు బిడ్డని. అంత శుభ్రమైన చెత్త ఎత్తడం నాకదే మొదలు. ఆ వీధిలో తలుపు గొళ్ళేనికైనా తగలకూడని చేతులు నావి. ఆ చేతుల్లో వాళ్ళ వంశాన్ని పెట్టారు. వెచ్చగా ఉన్నాడు చెల్లీ. కళ్ళు మూసుకుని నా వేలు పట్టుకున్నాడు.

"పేరు పెట్టవే" అన్నారు పాపాయమ్మ పెద్దమ్మగారు. పెంటరాజు అనాలి, అదీ వాళ్ళు ఎదురుచూసే మాట. బాప్తిస్మం తీసుకున్న నోటితో ఈ తంతులో ఆ మాట అనడానికి నాలిక తిరగలేదు. చేటలో పిల్లాణ్ణి చూస్తుంటే మనం బడిలో చదివిన కథ గుర్తొచ్చింది. ఏటిలో జమ్ముపెట్టెలో దొరికిన బిడ్డని రాజుగారి కూతురు ఎత్తుకుని పేరు పెట్టలేదూ, అదే. "మోషే" అనేశాను.

ఆవిడ అందుకున్నారు. "మోసేనా? అంటే మోసేవాడనేగా. చెత్త మోసేవాళ్ళు పెట్టవలసిన పేరే పెట్టావు, బాగుంది" అని తవుడు పోయించారు. చేటెడు తవుడికి రాజులబిడ్డని అమ్మేసి వచ్చాను. తవుడు ఎడ్లు తిన్నాయి.

ఈ సంగతి మీ ఆయనకి, అదే మా మరిదికి, చెప్పకు. గుడిలో వాక్యం చెప్పే ఉపదేశి గనక ఆయన కడుపులో మాట ఆదివారం దాకానే ఆగుతుంది.

నీ అక్క
సువార్తమ్మ


రామచంద్రపురం,
1894 ఫిబ్రవరి

మన ప్రభువును రక్షకుడునైన యేసుక్రీస్తు నామమున ప్రియమైన అక్క సువార్తమ్మకు, చెల్లెలు జ్ఞానమ్మ అనేక వందనములు చేసి వ్రాసుకొను విన్నపము.

నీ ఉత్తరం చదివి దుఃఖపడ్డాను. చీకటిలోంచి వెలుగులోకి వచ్చినవాళ్ళం మనం. పెంటకుప్ప మీద బిడ్డను పెట్టి చావును మోసగించవచ్చునని నమ్మేవాళ్ళతో చేరి నువ్వు చేట పట్టుకోవడమేమిటి అక్కా? రేపు సంఘంలో ఎవరైనా అడిగితే ఏం జవాబు చెబుతావు? తవుడు తీసుకోకుండా ఉండవలసింది. తీసుకున్నావు పో, ఎడ్లకు పెట్టకుండా ఉండవలసింది.

పేరు సంగతి మాత్రం వేరు. ఆ సమయంలో నీ నోట ఆ పేరు రావడం నీ పని కాదని నాకనిపిస్తోంది. ఒక రాజుల ఇంట ఆ పేరు వినిపించడం ఈ సీమలో ఇంతకుముందు జరిగిందా? ఆలోచిస్తుంటే ఒళ్ళు జలదరించింది.

నీ ఉత్తరం నీ మరిదికి చూపించలేదు. నువ్వు వద్దన్నాక చూపిస్తానా? బావ ఓడ సంగతి ప్రార్థనలో పెడుతున్నాం.

ప్రభువునందు నీ చెల్లెలు
జ్ఞానమ్మ


లంకపేట,
1894 ఏప్రిల్

చిరంజీవి జ్ఞానమ్మకు దీవెనలు.

మీ ప్రార్థన వల్లో, మా ఎడ్లు తిన్న తవుడు వల్లో తెలియదు గానీ మీ బావ ఓడెక్కలేదు. కుప్పలు ఈ యేటికి మావే.

పాట మాట ఇంట్లో రాగానే పాపాయమ్మగారు అన్నం మానేశారట. "ఎత్తిన చెయ్యి మారితే పిల్లాడికి కీడు. ఆ కుప్ప ఇంకొకడెత్తితే నేను గోదాట్లో దూకుతాను" అన్నారట. భీమరాజుగారు యూనియనులో, పేదల జీవనాధారం తీసేయడం నాగరికత కాదని పెద్ద మాటలు చెప్పి పాట ఆపించారు. అదే వారం చదువుల గదిలో మూఢనమ్మకాలే దేశాన్ని ముంచాయని ఉపన్యాసమిచ్చారు. జనం చప్పట్లు కొట్టారు. మీ బావ కిటికీ అవతల నిలబడి తనూ కొట్టాడు, ఉపన్యాసానికి కాదు, కుప్పలకి.

పిల్లాడు బాగున్నాడు. ఊరంతా మోసయ్య అంటున్నారు, మోసయ్యరాజుగారు. ఎత్తిన మనిషి రోజూ చూస్తే ఆయుష్షని పెద్దమ్మగారి శాస్త్రం. నేను కుప్ప దగ్గరికి రాగానే దాసీ వాణ్ణి తెచ్చి దొడ్డి గుమ్మంలో చూపిస్తుంది. దూరం నుంచే. నన్ను చూడగానే వాడు కాళ్ళు ఆడిస్తాడు. నేను చీపురు ఆడిస్తాను. ఆ ఇంట్లోవాళ్ళు నన్ను పనిగట్టుకుని చూడమనడం ఇదే మొదలు గనక బాగా చూసి వస్తున్నాను.

ఇంట్లో చెబితే నవ్వుతారు గానీ, ఆ వీధి రాకముందే చెయ్యి కడుక్కుంటున్నాను. చెత్త ఎత్తడానికి ముందు చెయ్యి కడుక్కునే మనిషిని చూశావా ఎక్కడైనా?

నీ అక్క


రామచంద్రపురం,
1894 మే

ప్రియమైన అక్కకు వందనాలు.

కుప్పలు నిలిచినందుకు సంతోషం. బావను ఇక రంగం మాట ఎత్తవద్దని చెప్పు.

ఒక మాట చెప్పాలి. నీ ఉత్తరం నీ మరిదికి చూపించలేదన్నాను. నిజంగానే చూపించలేదు. చదివి వినిపించాను. పేరు దగ్గరికి వచ్చేసరికి ఆనందం పట్టలేకపోయాను అక్కా. ఆయన కూడా ఆనందం పట్టలేక మిషను దొరగారికి చెప్పారు. దొరగారు పట్టలేక వాళ్ళ దేశంలో చందాలిచ్చేవాళ్ళకు రాశారు. లంకపేటలో ఒక రాజకుటుంబం తమ జ్యేష్ఠ కుమారునికి మోషే అని పేరు పెట్టుకుందని, ఆత్మల కోత సిద్ధంగా ఉందని. కుప్ప సంగతి, తవుడు సంగతి రాయలేదు. అవి వాళ్ళకు అర్థం కావని నీ మరిది చెప్పలేదట.

ఇప్పుడు దొరగారు ఆ బిడ్డను కళ్ళారా చూసి ఆశీర్వదిస్తానంటున్నారు. అందులో తప్పేముంది, దీవెనే కదా అనుకున్నాను. రాత్రి నుంచి ఎందుకో భయంగా ఉంది. నువ్వు రాయి.

నీ చెల్లెలు
జ్ఞానమ్మ


లంకపేట,
1894 మే

జ్ఞానమ్మా,

చూపించలేదు, చదివి వినిపించావు. నీకు పలక మీద అక్షరాలు దిద్దించిన అమ్మగారు ఇప్పుడు ఎక్కడున్నా సిగ్గుపడతారు.

తప్పేముందని అడిగావు, చెబుతాను విను. దొరగారు వాళ్ళ అరుగు మీద కూర్చుని మోషే మా గ్రంథంలో వాడంటారు. పాపాయమ్మగారికి అప్పటికి తెలుస్తుంది, చెత్త మనిషి తన మనవడికి కిరస్తానం పేరు పెట్టిందని. ఆ సాయంత్రమే కుప్పలు జగన్నాథరావుగారివి. మర్నాడు మీ బావ కాకినాడ రేవులో. నేనూ మామగారూ ఈ ఎడ్లూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకుంటూ ఇక్కడ. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని నన్ను నేను తిట్టుకున్నాను, ఇప్పుడు నిన్ను కూడా కలుపుకుని తిడుతున్నాను.

దొరగార్ని ఆపు. ఎలా ఆపుతావో నాకు తెలియదు. మీ ఇంట్లో ఇద్దరూ ప్రార్థన చేసేవాళ్ళే, ఎవరో ఒకరు గట్టిగా చేయండి.

సువార్తమ్మ


రామచంద్రపురం,
1894 అక్టోబరు

అక్కా,

చేతనైనంత చేశాను. వేసవిలో కాలవలు కట్టేశారు, పడవ రాదన్నాను. వానాకాలంలో కాలవల్లో నీళ్ళు ఎక్కువయ్యాయి, పడవ బోల్తా పడుతుందన్నాను. లంకపేటలో అమ్మవారు పోసిందని కూడా చెప్పాను. దేవుడు నన్ను క్షమించుగాక. అది వినగానే దొరసానిగారు మందులపెట్టె సర్దుకుని తనూ వస్తానన్నారు. తగ్గిపోయిందని మళ్ళీ చెప్పవలసి వచ్చింది.

ఇక ఆగరు. వచ్చే నెలలో బయలుదేరుతున్నారు. దొరగారి తెలుగు అంతా గ్రంథం తెలుగు గనక నీ మరిది పక్కనుండి మామూలు మాటల్లోకి మార్చి చెబుతారు. "మార్చేటప్పుడు కొంచెం అటూ ఇటూ మార్చకూడదా" అని అడిగాను. ఆయన నా వైపు చూసి, అబద్ధానికి తన నోరు అరువివ్వనన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఆయన మంచితనం మీద నాకు మొదటిసారి కోపం వచ్చింది.

అన్నం సయించడం లేదు. నా నోటివల్ల నీ ఇల్లు చెదిరితే నీ మొహం ఎలా చూస్తాను?

జ్ఞానమ్మ


లంకపేట,
1894 నవంబరు

చిరంజీవి జ్ఞానమ్మకు,

అన్నం తిను. దొరగారు వచ్చారు, వెళ్ళారు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

దొరగారికి అరుగు మీద కుర్చీ వేశారు. మా మరిది కింద నిలబడ్డాడు. నేను బండి దగ్గర, ఎడ్ల మధ్య. భీమరాజుగారు పక్క కుర్చీలో కూర్చుని పత్రిక చదువుతున్నారు. ఘోషా గనక పాపాయమ్మగారు తలుపు చాటున. పిల్లాడు ఆవిడ కాళ్ళ దగ్గర పాకుతూ, చాటు అనేది తనకి పట్టనట్టు బయటికీ లోపలికీ తిరుగుతున్నాడు.

దొరగారు మొదలెట్టారు. "ఆ శిశువు జమ్ముపెట్టెలో ఉంచబడి యేటియొడ్డున విడువబడెను."

"పిల్లాణ్ణి బుట్టలో పెట్టి ఏటిగట్టున వదిలేశారండి" అన్నాడు మా మరిది.

తలుపు వెనక గాజులు కదిలాయి. "ఎందుకూ?" అన్నారు పెద్దమ్మగారు.

"చావకుండా ఉండడానికండి."

కుప్పలు పోయాయనుకున్నాను. ఆవిడ మాత్రం పకపకా నవ్వారు. "విన్నావా అబ్బాయీ? దొరలు కూడా పారేసి ఎత్తుకుంటారట. నువ్వేమో సిగ్గని మేడెక్కి కూర్చున్నావు. ఎవరెత్తారయ్యా ఆ పిల్లాణ్ణి?"

"ఆ దేశపు రాజుగారి కూతురండి. ఆవిడే మోషే అని పేరు పెట్టిందండి."

"మన మోసయ్యే. తర్వాత బతికాడా?"

దొరగారికి ప్రశ్న అర్థమై మొహం వెలిగిపోయింది. "నూట ఇరువది సంవత్సరములు జీవించెను."

చెల్లీ, ఆ మాటకి ఆవిడ ఘోషా మరిచిపోయి గడప దాటి వచ్చేశారు. నూటిరవై ఏళ్ళు. చావుకి భయపడి పేరు పెట్టించుకున్న మనిషికి అంతకంటే ఏం కావాలి? దొరగారికి పాలు, అరటిపళ్ళు తెప్పించారు. నేను ఎడ్ల మెడ నిమురుతూ దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. దొరగారు అక్కడితో లేచి వెళ్ళిపోయి ఉంటే ఎంత బాగుండేదో.

పెద్దమ్మగారే అడిగారు. "పెరిగి పెద్దయ్యాక రాజుగారి ఆస్తి చూసుకున్నాడా?"

దొరగారికి ఉపన్యాసం పూనింది. ఆ రాజు నగరులో ఇటుకలు చేసే కూలీలుండేవాళ్ళు, ఆ పిల్లాడు వాళ్ళ బిడ్డే, పెద్దయ్యాక మేడ, పల్లకి అన్నీ వదిలేసి వాళ్ళల్లో కలిసిపోయాడు, చివరికి వాళ్ళందర్నీ వెంటబెట్టుకుని ఆ ఊరే విడిచి వెళ్ళిపోయాడు అని చెప్పారు. మా మరిది ఒక్క ముక్క వదలకుండా, అరువివ్వని ఆ నోటితో, అందరికీ వినబడేలా మార్చి చెప్పాడు.

పిల్లాడు మెట్టు దాకా పాకి వచ్చి, బండి దగ్గర నన్ను చూసి కాళ్ళు ఆడించాడు.

పెద్దమ్మగారు వాణ్ణి చూశారు. తర్వాత నన్ను చూశారు. వాణ్ణెత్తుకుని లోపలికి వెళ్ళి తలుపేశారు.

దొరగారు సంతోషంగా వెళ్ళారు. సాయంత్రం భీమరాజుగారు మమ్మల్ని దొడ్డి గుమ్మంలోకి పిలిపించారు. నేనే ముందు, "బాబూ, ఆ పేరు మా గ్రంథంలోదండి, తప్పయిపోయిందండి" అన్నాను.

"నాకు మొదటిరోజే తెలుసు" అన్నారాయన. "మిషను కాలేజీలో చదివాను, బైబిల్లో ఫస్టు వచ్చాను. మోషేని నువ్వు నాకు చెప్పాలా?"

"మరి మార్చలేదేంటండి?"

ఆయన గోడ వైపు చూశారు. "పిల్లాడు బతుకుతున్నాడు కదా" అన్నారు. ఉపన్యాసాలప్పటి గొంతు కాదది. ఆ క్షణంలో ఆయన మీద నాకు జాలేసింది.

తర్వాత వాళ్ళమ్మగారి మాట చెప్పారు. మోసయ్యరాజుగారు చల్లగా ఉన్నంతకాలం కుప్పలు మా వంశానివే. పాట ఉండదు, జగన్నాథరావుగారు అడగరు. దానికి ఒక్కటే షరతు. ఎత్తిన మనిషి మొహం పిల్లాడు ఇక ఎప్పుడూ చూడకూడదు. చూస్తే ఆ కథలో పిల్లాడిలా వీడూ కూలీల్లోకి వచ్చేస్తాడట. రోజూ చూస్తే ఆయుష్షన్న మనిషే ఈ షరతు పెట్టింది. చూసినరోజు కుప్పలు పోతాయి.

మీ బావ నేలకి దణ్ణం పెట్టాడు. మామగారు ఆ రాత్రి కోడిని కోశారు. నేను కూడా తిన్నాను. ఇల్లు నిలిచింది కదా, తినకపోతే ఏం బాగుంటుంది?

సువార్తమ్మ


రామచంద్రపురం,
1894 డిసెంబరు

అక్కా,

నీ ఉత్తరం వచ్చాక నేనూ కడుపునిండా తిన్నాను. ఈసారి ఎవరికీ చూపించలేదు, వినిపించలేదు.

ఆదివారం దొరగారు సాక్ష్యం చెప్పారు. లంకపేట రాజులు మోషే కథ చెప్పే నిర్గమకాండమంతా శ్రద్ధగా విన్నారని, ఒక వృద్ధురాలు కదిలిపోయి గడప దాటి వచ్చిందని. నిజమే కదా, ఒక్క మాట కూడా అబద్ధం కాదు. వాళ్ళ దేశపు పత్రికలో కూడా వేస్తారట. అందులో నువ్వు కూడా ఉన్నావు, పేరు లేకుండా, "ఒక దీనురాలు" అని. నీ మరిది ఎంతో గర్వంగా చదివి వినిపించారు. నేను లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాను.

నువ్వు ఉత్తరం నిండా నవ్వుతూ రాశావు. కోడి దగ్గర మాత్రం నవ్వలేదు. వాణ్ణి చూడకుండా ఉండగలుగుతున్నావా? నాకు నిజం రాయి.

జ్ఞానమ్మ


లంకపేట,
1895 ఫిబ్రవరి

చెల్లీ,

నిజం రాయమన్నావు గనక రాస్తున్నాను. ఉండలేకపోతున్నాను.

ఆ వీధికి మీ బావ ఒక్కడే వెళుతున్నాడు. నేను వీధి మొగలో రెండో బండి దగ్గర ఆగిపోతాను. మోసయ్యా అని కేకలు వినిపిస్తాయి. పేరు పెట్టింది నేను, పిలుచుకునేది వాళ్ళు. ఆ ఇంటి బిడ్డని నేను ముట్టుకున్నది, వాడు చెత్తగా ఉన్న ఆ కాసేపే. తవుడు తీసుకున్న క్షణం నుంచి వాడు రాజుగారైపోయాడు. అది నాకు తెలియక కాదు. తెలిసి కూడా రోజూ చెయ్యి కడుక్కున్నాను.

నిన్న వాడు నడిచాడు. దొడ్డి తలుపు తీసి ఉంటే మీ బావ బండి వెనకాలే వీధి చివరి దాకా వచ్చేశాడు, మొలతాడు తప్ప ఒంటిమీద ఏమీ లేకుండా. నేను చూసేసరికి బారెడు దూరంలో ఉన్నాడు. నేను గిరుక్కున చక్రం వైపు తిరిగి కొంగు మొహం మీదికి లాక్కుని నిలబడ్డాను. వాడు వెనకనుంచి వచ్చి నా కొంగు పట్టుకున్నాడు. పట్టుకుని ఊపుతున్నాడు. ఏదో అంటున్నాడు, మాటలు ఇంకా రాలేదు. దాసీ కేకలేసుకుంటూ పరిగెత్తి వచ్చేదాకా అలాగే ఉన్నాడు.

నేను తిరగలేదు చెల్లీ. కుప్పలు మనవే.

ఇంటికి తీసుకెళ్ళగానే వాడికి తలంటి, దిష్టి తీసి ఉంటారు. నేను ఆ చీర ఇంకా ఉతకలేదు.

నీ అక్క
సువార్తమ్మ